కుక్కపిల్ల గుండె విన్న కార్తీకం

తిరువూరు పశువుల ఆసుపత్రిలో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జబ్బు చేసిన పశువులకన్నా నన్ను చూడటానికి వచ్చిన జనమే ఎక్కువ. డెబ్బైల్లోని మాట. జడ వేసుకున్న ఆడపిల్ల చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని గేదెకు పురుడు పోస్తుందట అని చెప్పుకుని మరీ వచ్చేవాళ్ళు. వినగడప నుంచి ఎద్దును తోలుకొచ్చిన ఒకాయన నా ఎదురుగానే నిలబడి, "డాక్టరుగారు లేరాండీ?" అన్నాడు.

"నేనేనండి డాక్టర్ని."

"మీరు సరేనమ్మా. డాక్టరుగారు ఎప్పుడొస్తారు?"

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఆయన రారు. ఆయనొచ్చేదాకా ఆగుతుందేమో మీ ఎద్దునే అడగండి" అన్నాను. పాపం, ఆయన నిజంగానే ఎద్దు వంక చూశాడు. ఆ తరవాత దాని కాలు పట్టుకుని నిలబడ్డాడు. ఎద్దు బాగుపడ్డాక బుట్టెడు వంకాయలు తెచ్చిచ్చి, "మీ చెయ్యి మంచిదండీ" అన్నాడు. నోటి సంగతి ఎత్తలేదు, అది ఆయన మర్యాద.

ఆ ఊళ్ళో గడిపిన ఏళ్ళను తలుచుకుంటే ఇప్పుడు నాకు మిగిలింది కృతజ్ఞతే. మొదట కోపాలు పడ్డాను, ఏడ్చాను, బదిలీ కోసం ప్రయత్నించాను కూడా. అవన్నీ పోయాయి. ఎందుకు పోయాయో చెప్పాలంటే ఒక కుక్కపిల్ల గుండె గురించి చెప్పాలి. ఆ కుక్కపిల్లను పెంచిన మామ్మగారి గురించీ చెప్పాలి.

అప్పట్లో ఆ చుట్టుపక్కల కుక్కను ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు లేరు. గేదె, ఎద్దు, మేక, కోడి, ఇవే నా బతుకు. అందుకని దసరా రోజుల్లో ఒకనాడు పొద్దున్నే మోటారు సైకిలు మీద, చంకన గోనెసంచిలో కుక్కపిల్లను పెట్టుకుని ఒక ఆసామి దిగితే మా కాంపౌండరు కూడా బయటికొచ్చి చూశాడు. ఊరి చివర మామిడితోట ఆయనది. తోట కాపలాకని బెజవాడ నుంచి తెచ్చాడట. అల్సేషియన్ కలిసిన పిల్ల. నాలుగు నెలలుంటాయి. ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా ఆలోచిస్తోంది. టీకా వేయమన్నాడు.

టీకా వేసే ముందు గుండె వినడం నాకు అలవాటు. పిల్లను బల్ల మీద పెట్టి విన్నాను. వింటుంటే ప్రాణం లేచొచ్చింది. కాలేజీ వదిలాక కుక్క గుండె మళ్ళీ వినడం అదే మొదలు. నా మొహంలో నవ్వు చూసి, "నేనూ వినొచ్చాండీ?" అని అడిగాడు ఆసామి. స్టెతస్కోపు ఆయన చెవులకు పెట్టాను. కాసేపటికి ఆయన రంగు మారిపోయింది.

"ఆగిందండీ! ఇదిగో, మళ్ళీ ఆగింది. గబగబా కొట్టి ఆగిపోతోంది!"

"ఆగట్లేదండీ, నెమ్మదిస్తోంది. చెయ్యి దాని డొక్క మీద వెయ్యండి. గాలి పీల్చినప్పుడు గుండె పరిగెడుతుంది, వదిలినప్పుడు నడుస్తుంది. కుర్ర కుక్కలకి అలాగే ఉంటుంది. అలా ఉండటమే ఆరోగ్యం. మనకి అంతగా తెలియదు గనక భయమేస్తుంది."

ఆయన డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరికీ గుండెకూ జత కుదరడం తనే చూసుకున్నాడు. అప్పుడు గాని కుదుటపడలేదు. గుండె అంటే తమ ఇంట్లో అందరికీ హడలని చెప్పాడు. వాళ్ళ నాన్న తోటలో మామిడికాయలు కోయిస్తూ కోయిస్తూనే కూలబడిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదట. "మా అమ్మ అప్పట్నుంచీ ఎవరు పడుకున్నా గుండె మీద చెయ్యేసి చూస్తుందండీ. దీన్ని కూడా చూస్తుంది" అన్నాడు నవ్వుతూ.

"చూడనివ్వండి. మీ పిల్ల గుండె బంగారం" అన్నాను. ఆ మాట నేను మర్చిపోలేదు. తరవాత నాకు దారి చూపించింది ఆ మాటే.

దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం అదే ఆసామి, అదే గోనెసంచి. ఈసారి సంచిలో కదలిక లేదు. పిల్ల పొద్దుట నుంచీ కక్కుతోందనీ, పెరట్లో నడుస్తూ నడుస్తూ పక్కకి ఒరిగిపోయిందనీ, కాసేపటికి దానంతట అదే లేచిందనీ చెప్పాడు. దారిలో మందుల షాపులో ఎవరో చూసి, గుండెకు చిల్లు ఉన్నట్టుంది, పుట్టుకతో వచ్చిందై ఉంటుంది అన్నారట. వినగానే నాకు ఒళ్ళు మండింది. చిల్లు సంగతి షాపు బల్ల మీదే తేల్చేశాడా మహానుభావుడు! "ఆయన్నే మందు కూడా ఇమ్మనకపోయారా?" అని విసుక్కుంటూ స్టెతస్కోపు పెట్టాను.

పెట్టాక నా నోరు మూతపడింది. గుండె తడబడుతోంది. మొదట నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, కుర్ర కుక్క కదా, ఊపిరితో పాటు మారుతోందని. ఒక చెయ్యి డొక్క మీద వేశాను. ఊపిరి ఒక దారిన పోతోంది, గుండె ఇంకో దారిన పోతోంది. పీల్చినప్పుడు పరుగు లేదు, వదిలినప్పుడు నడక లేదు. ఉన్నట్టుండి కొట్టడం మానేస్తుంది, తరవాత కంగారుగా రెండు కొడుతుంది. తొడ లోపలి వైపు వేలు పెట్టి నాడి పట్టుకున్నాను. చెవిలో వినపడ్డ దెబ్బలన్నీ వేలికి అందడం లేదు. కొన్ని దెబ్బలు ఉత్తుత్తివే, వాటితో రక్తం కదలడం లేదు.

ఆసామికి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇది చెడ్డ తడబాటే, కానీ దసరా రోజుల్లో నేను విన్న గుండె ఇది కాదు, కాబట్టి పుట్టుకతో వచ్చిందంటే ఒప్పుకోను అన్నాను. కాలేజీలో చదివిన దాని ప్రకారం పుట్టుకతో వచ్చిన వాటిలోనూ కొన్ని తరవాత బయటపడతాయి. అది నాకు తెలుసు. అయినా ఆ రోజు ఎందుకో మొండికేశాను. పిల్లను నా దగ్గరే ఉంచుకుంటానన్నాను.

నేనుండేది ఒక అద్దె గది. ఇంటి ఓనరమ్మ కుక్కను చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది గానీ, సాయంత్రానికి తనే చారన్నం కలిపి తెచ్చింది. నాలుగు రోజులు నా దగ్గరే ఉంది. మొదటి రోజు గంజి కూడా నిలవలేదు. రెండో రోజు లేచి నిలబడింది. మూడో రోజు నా చెప్పు కొరికింది. నాలుగో రోజు విన్నాను కదా, గుండె మళ్ళీ ఊపిరి వెంట పరిగెడుతోంది, ఊపిరి వెంట నడుస్తోంది. ఆనందం పట్టలేక ఓనరమ్మకు కూడా వినిపించాను. ఆవిడ భక్తిగా విని, "రామరామ, ఆగి ఆగి కొడుతోందేంటే!" అని గుండెలు బాదుకుంది. మళ్ళీ ఊపిరి కథంతా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది.

పిల్లను ఇంటికి పంపాను. వారం తిరక్కుండా ఒక శనివారం ఆసామి మళ్ళీ వచ్చాడు. పిల్ల ఈసారి సంచిలో కాదు, ఆయన చేతుల్లోనే వేలాడుతోంది. ఆయన మొహంలో ఏడుపూ కోపమూ రెండూ ఉన్నాయి.

"ఇంకొద్దండీ. ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి."

"ఏం ఇంజెక్షన్?" అన్నాను, తెలిసి కూడా.

"నిద్రపుచ్చేది. మా ఆవిడ పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ మా అమ్మా. నేను పొద్దున్నే తోటకి పోతాను. ఇది పడిపోయినప్పుడల్లా మా అమ్మ ఒళ్ళో పెట్టుకుని, మా నాన్న పోయినప్పుడు ఏడ్చినట్టు ఏడుస్తోంది. ఈ ఉపవాసాలతో అసలే నీరసించిపోయింది. ఇది ఎలాగూ దక్కేది కాదు. నెమ్మదిగా పోతే ఆవిడకీ నెమ్మదిగా ఉంటుంది."

ఆయన చెడ్డవాడు కాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అర్థమయ్యే కొద్దీ నాకు కోపం పెరిగింది, ఎవరి మీదో తెలియదు. "నా దగ్గరుంటే బాగుంటుంది, మీ ఇంటికొస్తే పడిపోతుంది. అది గుండె తప్పా, ఇంటి తప్పా? అది తేలకుండా సూది పట్టుకోను. రేపు ఆదివారం. రేపు సాయంత్రం దాకా ఆగండి. అప్పటికీ నాకు తెలియకపోతే మీరు చెప్పినట్టే చేస్తాను" అన్నాను. పిల్లను నా దగ్గరే ఉంచుకున్నాను. ఒక్క రోజులో ఏం తేల్చగలను?

ఊరి చివర ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడి డాక్టరుగారిని ఊరంతా పెద్ద డాక్టరమ్మ అనేది. నన్ను గొడ్ల డాక్టరమ్మ అనేది. మాదీ చర్చికి వెళ్ళే ఇల్లే కాబట్టి ఆదివారాలు ఆవిడ నాకు కనపడుతూ ఉండేవారు. వాళ్ళకు ఎవరో దాతలు ఇ.సి.జి. మిషను ఇచ్చారని తెలుసు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద ఆవిడను పట్టుకున్నాను.

"అమ్మా, మీ మిషను ఒక్క పావుగంట కావాలి. కుక్కపిల్లకి."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "ఈ అమ్మాయికి తిక్కగాని లేదు కదా?" అని పక్కనున్న పాస్టరుగారి భార్యను అడిగారు. నేను గుక్క తిప్పుకోకుండా సంగతంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మధ్యాహ్నం పేషెంట్లు ఉండరు. వెనక గుమ్మం నుంచి తీసుకురా. మా సిస్టర్లు చూశారంటే నీకన్నా ముందు నన్ను తరుముతారు" అన్నారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఒక కుక్కపిల్ల కోసం ఆ రోజుల్లో అంత మాట ఎవరంటారు?

మనిషి మణికట్టుకు కట్టే పట్టీలు పిల్ల కాళ్ళకు రెండు చుట్లు తిరిగాయి. జెల్లీ రాసిన చోటల్లా అది నాకేస్తోంది. దాన్ని కుడి పక్కకు పడుకోబెట్టి, తల నా మోచేతి కింద పెట్టుకుని, చెవి వెనక నిమురుతూ కూచున్నాను. వణికితే గీత కూడా వణుకుతుంది కాబట్టి దాన్ని నెమ్మది పరచాలి. పెద్ద డాక్టరమ్మ ఆ పొద్దుట చర్చిలో పాడిన పాటే కూనిరాగం తీస్తూ మీట నొక్కారు. పిల్ల కూడా పాట విన్నట్టే పడుకుంది. కాగితం బరబరా బయటికి రావడం మొదలెట్టింది.

ఆ కాగితం చదవడం పెద్ద కష్టమేమీ కాదు. ముందు ఒక చిన్న గుట్ట, దాని వెనకే ఒక పెద్ద శిఖరం. చిన్నది గుండె పై గదులది, పెద్దది కింది గదులది. మా కాగితం మీద గుట్టలు వరసగా వస్తున్నాయి. కొన్నింటి వెనక శిఖరాలు లేవు. ఖాళీ. పెద్ద డాక్టరమ్మ పాట ఆపేశారు.

"పై గది పిలుస్తోంది, కింది గది పలకట్లేదు" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "వీళ్ళింట్లో గుండె మాత్రలు ఎవరు వాడుతున్నారు?" అని అడిగారు. గుండె నీరసానికి ఇచ్చే డిజిటాలిస్ అనే మందు ఎక్కువైన ముసలివాళ్ళకు సరిగ్గా ఇలాంటి గీతలే వస్తాయట. పిల్ల ఎవరి మాత్రలైనా మింగిందేమోనని ఆవిడ అనుమానం.

"ఎవరూ వాడరమ్మా. వాడాల్సిన ఆయన వాడకుండానే పోయారు."

"మరి ఏదో మింగుతోంది. ఇది పుట్టుకతో వచ్చిన గుండె కాదు. ఎవరో పాడు చేస్తున్న గుండె" అన్నారు ఆవిడ, కాగితం చించి నా చేతికిస్తూ.

పిల్లను ఎత్తుకుని ఆసామి ఇంటికి నడిచాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ గుండె మాత్రలాంటి పని చేసే మొక్క ఒకటుందని కాలేజీలో విషాల పాఠంలో చెప్పారు. ఆ ఏడు ఎండాకాలంలో పెనుగొలనులో కంచె కొట్టేసి పడేసిన గన్నేరు ఆకు తిని మేకలు చచ్చిపోతే నేనే వెళ్ళి చూశాను. ఆసామి గేటు తీశాడు. పెరటి గోడ వారగా నిండుగా పూసిన పచ్చగన్నేరు కనపడింది. నేరుగా అటే నడిచాను.

"ఈ పిల్ల ఆ చెట్టు కొరుకుతుందా?"

"అబ్బే, ఆకు ముట్టదండీ. కాయలు కూడా మా అమ్మ రాలిన వెంటనే ఏరి పొయ్యిలో పడేస్తుంది. గన్నేరు పప్పు సంగతి తెలియనిదెవరికి?" అన్నాడు. నిజమే. పెరడు అద్దంలా ఊడ్చి ఉంది. ఒక్క కాయ లేదు. గన్నేరు పప్పు విషమని ఆ ప్రాంతంలో పసివాడికి కూడా తెలుసు. నా ఆశ కాస్తా నీరుగారిపోయింది. ఆసామి పొద్దు వంక చూశాడు. సాయంత్రం అవుతోందని ఇద్దరికీ తెలుసు.

లోపల నుంచి మామ్మగారు వచ్చారు. సన్నగా, తెల్ల చీరలో, గోడ పట్టుకుని నడుస్తున్నారు. పిల్లను కింద దింపగానే తూలుకుంటూ ఆవిడ దగ్గరికే పోయింది. "వచ్చావా నాన్నా! నిన్నట్నుంచీ ఎక్కడికి పోయావ్?" అంటూ అరుగు మీద కూలబడి, గుండె మీద చెయ్యి వేసి చూశారు. తరవాత నన్ను చూసి, "అమ్మాయ్, నీ దగ్గరుంటే బాగుంటోందటగా. ఉంచేసుకో తల్లీ. నా దగ్గర లేకపోయినా ఫరవాలేదు, బతికుంటే చాలు" అన్నారు. నేను ఆవిడ పక్కన అరుగు మీద కూచున్నాను.

"అదేం తింటుంది మామ్మగారూ మీ దగ్గర?"

"నేనేది తింటే అదే."

"మరి మీరేం తింటున్నారు?"

"నేనా? కార్తీక నక్తాలు కదమ్మా. చుక్క పొడిచాకే వంట. పగలంతా స్వామి తీర్థమే. నేనో గుక్క, అదో గుక్క. దానికి బాగాలేనప్పట్నుంచీ ఇంకాస్త ఎక్కువే పోస్తున్నా. ఇవాళ్టిది కూడా ఉంచాను." అని పక్కనున్న ఇత్తడి గిన్నె ముందుకు జరిపారు.

గిన్నెలో నీళ్ళు. నీళ్ళలో పచ్చగన్నేరు పూలు. తెల్లవారుజామున లింగానికి అభిషేకం చేసిన నీళ్ళు అవి. పూజ పూలు కాళ్ళ కింద పడకూడదని ఆవిడ వాటిని ఆ నీళ్ళలోనే ఉంచేస్తారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అవి అందులోనే నానుతాయి. కాయ విషమని తెలిసి పొయ్యిలో వేసే మనిషికి, పువ్వు మీద అనుమానం ఎలా వస్తుంది? పువ్వు దేవుడిది. పిల్ల అప్పటికే మూతి గిన్నెలో పెట్టబోతోంది.

నేను ఒక్క ఉదుటున గిన్నె లాక్కున్నాను. నీళ్ళు నా చీర మీద పడ్డాయి, పూలు అరుగు మీద పడ్డాయి. ఆసామి "అయ్యయ్యో!" అన్నాడు. చర్చికి వెళ్ళొచ్చిన ఆడపిల్లను, ఆసుపత్రి మైలతో వచ్చినదాన్ని, దేవుడి గిన్నె లాక్కుని తీర్థం ఒలకబోశాను. ఆ ఇంట్లోంచి నన్ను గెంటేసినా అడిగేవాళ్ళు లేరు.

"ఈ పూలే మామ్మగారూ. కాయలో ఉన్నదే పువ్వులోనూ ఉంది. నీళ్ళలోకి దిగుతోంది. దీని గుండెను ఆపుతున్నది ఈ నీళ్ళే" అన్నాను.

మామ్మగారు కింద పడ్డ పూల వంక చూశారు. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "ఆయన గరళకంఠుడమ్మా. ఆయనకి పడుతుంది. ఈ పసిదాని గొంతుకి పడుతుందా? నా బుద్ధి ఏమైంది!" అని భోరుమన్నారు.

ఆవిడను పట్టుకోబోయి చెయ్యి అందుకున్నాను. వేలు మణికట్టు మీద పడింది. నేను పశువుల డాక్టర్ని, మనుషుల నాడి నా పని కాదు. కానీ ఆ నాడి నాకు తెలుసు. రెండు కొట్టింది, మానేసింది. ఒకటి కొట్టింది, మానేసింది. కుక్కపిల్ల తొడ దగ్గర నా వేలికి తగిలిన తప్పే అది.

నేనో గుక్క, అదో గుక్క. ఆ మాట నా చెవిన పడి ఎంతసేపైందని!

"మామ్మగారూ, మీకు కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఉపవాసం కదమ్మా, ఆమాత్రం తిరగవూ?"

"వాంతులు?"

"ఖాళీ కడుపు కదా."

"ఇంకేమన్నా?"

ఆవిడ కొంచెం సిగ్గుపడ్డారు. "ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల్నుంచీ దీపం వెలిగిస్తే చుట్టూ పచ్చటి వెలుగు కనపడుతోంది. స్వామి దయ తలిచాడనుకున్నా" అన్నారు.

"అది కూడా ఆ విషమే, రిక్షా పిలవండి" అన్నాను ఆసామితో. ఆయన మరుక్షణం వీధిలోకి పరిగెత్తాడు. రిక్షాలో ఆవిడను ఒక పక్క నేను, ఒక పక్క ఆయన పట్టుకుని కూచున్నాం. పిల్ల నా ఒళ్ళో ఉంది, దాన్ని ఎవరు ఎక్కించారో కూడా నాకు గుర్తులేదు. పెద్ద డాక్టరమ్మ ఈసారి ముందు గుమ్మం నుంచే రానిచ్చారు. అదే మిషను, అవే పట్టీలు. కాగితం బయటికొచ్చాక మధ్యాహ్నం కాగితం నా దగ్గర అడిగి తీసుకుని రెండూ పక్కపక్కన బల్ల మీద పరిచారు. మామ్మగారి కాగితం మీదా శిఖరాలు లేని గుట్టలు ఉన్నాయి. "ఇంకో రెండు రోజులు ఉపవాసమని ఊరుకుని ఉంటే..." అని ఆపేసి, సిస్టర్లను పిలిచారు. వాళ్ళు ఇంజెక్షన్లు తెచ్చారు. కుక్కపిల్లను చూశారు కూడా, కానీ ఎవరూ ఎవరినీ తరమలేదు.

వరండాలో ఆసామి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఏదో చెప్పబోయి, "నేనే కదండీ ఇంజెక్షన్ ఇమ్మన్నది..." అని పసివాడిలా ఏడ్చేశాడు. మామూలుగా అయితే నా నోట్లో ఏదో ఒక పుల్లవిరుపు మాట సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు రాలేదు. ఆ పిల్లకు శనివారమే సూది వేసేసి ఉంటే ఆ గిన్నె అలాగే ఉండేది. అందులో తాగేది ఒక్కరే అయ్యేవారు. ఆవిడ పడిపోతే ఉపవాసం అనేవాళ్ళం, వయసు అనేవాళ్ళం, ఆ ఇంట్లో గుండె జబ్బు ఉంది కదా అనేవాళ్ళం. ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు, నాకు కూడా.

మామ్మగారు మిషన్ ఆసుపత్రిలో వారం పైనే ఉన్నారు. నక్తాలు మాన్పించి గంజి తాగించడానికి పెద్ద డాక్టరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ సాయంత్రం నేను పిల్లను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. "ముందు దాన్ని విను" అనేవారు మామ్మగారు. విని, బాగుంది అని చెప్పాక, "ఇప్పుడు నన్ను విను" అని చీర కొంగు సర్దుకునేవారు.

"మామ్మగారూ, ఇది గొడ్లకి పెట్టే గొట్టం."

"నా జబ్బు పట్టుకుంది ఆ గొట్టమే. ఆవిడ గొట్టం మీద నాకు గురి కుదర్లా" అనేవారు, పెద్ద డాక్టరమ్మ పక్కనుండగానే. ఆవిడ నవ్వేసి పక్కకు తప్పుకునేవారు. అలా నేను తిరువూరులో ఒకే ఒక్క మనిషికి డాక్టర్నయ్యాను.

ఆ తరవాత నన్ను చూసి డాక్టరుగారు ఎప్పుడొస్తారని ఎవరూ అడగలేదు. గంపలగూడెం నుంచి కూడా కుక్కల్ని తేవడం మొదలెట్టారు. తెచ్చినవాళ్ళలో సగం మందికి వాటి గుండె ఆగి ఆగి కొడుతోందని భయం. వాళ్ళ చేతులు పట్టుకుని డొక్కల మీద పెట్టి, ఊపిరి లెక్క చూపించి పంపేదాన్ని. మిగతా సంగతులకు కసురుకున్నా, ఆ ఒక్క సంగతి ఓపిగ్గానే చెప్పేదాన్ని. మామ్మగారు గన్నేరు పూలు మానలేదు, స్వామికి ఇష్టమట. పూజ అవగానే పూలూ నీళ్ళూ కలిపి పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేసేవారు. తాగే తీర్థంలో మారేడు దళం ఒక్కటే.

నాకు బదిలీ అయినప్పుడు చెప్పి వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, మోకాళ్ళ దాకా వచ్చే తోట కాపలాదారు. రెండో చెవి కూడా నిలబడింది. ఇంట్లో మనవరాలు పాకుతోంది. అలవాటు ప్రకారం ముందు దాన్ని విన్నాను, తరవాత మామ్మగారిని విన్నాను. రెండు గుండెలూ బాగున్నాయి. నా కళ్ళే బాగాలేవు, కారిపోతున్నాయి.

మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ కార్తీకంలో స్వామిని ఒక్కటే అడిగానమ్మా, దీని గుండె బాగుచెయ్యమని. నా గుండె సంగతి నేను అడగనే లేదు, నాకు తెలిస్తేగా! అడగనిది కూడా ఇచ్చాడు చూడు. అదీ చర్చి పిల్ల చేత ఇప్పించాడు" అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ ఆదివారం పొద్దున చర్చిలో మోకాళ్ళ మీద కూచుని నేను ఏమడిగానో ఆవిడకు చెప్పాలనుకున్నాను. బస్సు టైమైపోయింది, చెప్పలేదు. నేను అడిగింది కూడా కుక్కపిల్ల గురించే.